గని ట్రాలీ, బావ పళ్ళు

నేను గూడూరులో పళ్ళు కడతాను. డాక్టరును కాను. ఆ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే బోర్డు చదవకుండా లోపలికి వచ్చి, కుర్చీలో కూలబడి, "ఇది పీకెయ్ సార్" అని నోరు తెరిచేవాళ్ళతో నాకు రోజూ గొడవే. పీకేది పక్క వీధిలో డాక్టరుగారు. ఆయన పీకి పంపిన బోసినోటికి కొలత తీసి, మైనంలో పళ్ళు పేర్చి, సెట్టు తయారుచేసి తొడిగేది నేను. నా చేతి పళ్ళతో ఈ చుట్టుపక్కల ఎంతమంది చెరకు నమిలారో, ఎంతమంది పెళ్ళాల మీద పళ్ళు కొరికారో నాకే తెలియదు.

ఇక నాకున్న రెండో పని, నా భార్య లెక్కలో పనికిమాలిన పని, బొమ్మ రైళ్ళు చేయడం. బొమ్మలు అంటే నాకు కోపం వస్తుంది. అవి నమూనాలు. అసలు బండి ఎన్ని అంగుళాలుంటే నా బండి అందులో ఎన్నో వంతు ఉండాలో లెక్క కట్టి చేసేవి. ఒక్క మేకు అటూ ఇటూ అయినా నాకు ముద్ద దిగదు. ఈ మాట చెబితే నా భార్య, "ముద్ద దిగకపోవడం నేనెప్పుడూ చూళ్ళేదే" అంటుంది.

రైలంటే పెద్ద రైలు కాదు. గూడూరు జంక్షన్‌లో బతికేవాడికి పెద్ద రైలు కూత కాకి అరుపుతో సమానం, పట్టించుకోడు. నా మోజంతా సన్న పట్టాల మీద. ఊరికి పడమటి పక్క మైకా గనులు జోరుగా నడిచిన రోజుల్లో, గని నోటి దగ్గర నుంచి షెడ్డు దాకా రెండడుగుల వెడల్పున పట్టాలు వేసి, వాటి మీద ఇనప ట్రాలీలను మనుషులే తోసేవాళ్ళు. ఇంజనూ లేదు, స్టేషనూ లేదు. మైకాను మావాళ్ళు కాకిబంగారం అనేవాళ్ళు. ఆ మెరిసే రాతిపొరల్ని మోసిన బళ్ళ గురించి ఎవరూ రెండు ముక్కలు రాసిపెట్టలేదు. గనులు మూతపడ్డాక పట్టాలను పాత ఇనుము కొనేవాళ్ళు పీక్కుపోయారు. ఆ ట్రాలీలను మళ్ళీ చేసి చూడాలని నాకు పట్టుకుంది.

చేసే పద్ధతి చెబుతాను. పార్శిల్లో చిన్న సైజు గూడ్సు పెట్టెలు తెప్పిస్తాను. తొమ్మిది మిల్లీమీటర్ల పట్టా మీద నడిచే రకం. అవి వేరే దేశాల బళ్ళు, వాటి పైభాగం నాకు అక్కర్లేదు. పెట్టెను ఊడబీకి అవతల పారేసి, చక్రాలూ అడుగు చట్రమూ మాత్రం ఉంచుకుంటాను. ఆ చట్రం మీద పెద్ద కొలతలో ట్రాలీ పైభాగం కట్టి కూర్చోబెడితే, కింద పట్టా సన్నగా, పైన బండి లావుగా, అచ్చం గని ట్రాలీలాగే వస్తుంది. పైభాగాన్ని మైనంతో చెక్కి, పారిస్ ప్లాస్టర్‌లో అచ్చు తీసి, ఆ అచ్చులో పళ్ళ సెట్లకు వాడే యాక్రిలిక్ కూరి, నీళ్ళలో ఉడకబెడతాను. అందుకని నా ట్రాలీలన్నీ పుట్టడం చిగుళ్ళ రంగులోనే పుడతాయి. తర్వాత నలుపు పూసి, దాని మీద తుప్పు రంగు అద్ది, సూది మొనతో మేకు తలలు పొడుస్తాను. ఆ యాక్రిలిక్ ద్రావకం వాసన మా ఇంట్లో పప్పుకు కూడా పట్టింది.

"బయట పెద్దాయన నోరు తెరుచుకోని కూర్చోనుండాడు. నువ్వు లోపల రైలుకు పళ్ళు కడతన్నావా?" అని నా భార్య రోజుకొకసారైనా తలుపు దగ్గర నిలబడి అంటుంది. నేను మైనం పక్కన పెట్టి, కొలత ముద్ద కలుపుకుంటూ బయటికి వస్తాను.

ఇప్పుడు మా బావ సంగతి. మా అక్క నాకంటే చాలా పెద్దది, నన్ను ఎత్తుకుని తిప్పింది. ఆమెను సముద్రం పక్క మా పల్లె నుంచి ఆ గనుల పక్కకు ఇచ్చారు. బావ ఆ గనిలో ట్రాలీలు తోసేవాడు. చిన్నతనంలో ఎక్కిన పని, గని మూతపడేదాకా అదే. మూతపడ్డాక ఇద్దరూ మా పల్లెకు వచ్చేశారు. ఇక్కడ రొయ్యల గుంటలకు కాపలా ఉండి బతికాడు. పిల్లలు లేరు. ఇప్పుడు కాపలా కూడా మానేశాడు కానీ, పొద్దున్నే గుంటల కట్ట దాకా పోయి మధ్యాహ్నం అన్నం వేళకు తిరిగి రావడం మానలేదు. మనిషికి మాట తక్కువ, మొండితనం ఎక్కువ.

పోయిన ఏడు ఆయన చిగుళ్ళు పాడై, పళ్ళన్నీ కదిలి, నెల్లూరులో మొత్తం తీసేశారు. చిగుళ్ళు మానాక సెట్టు కట్టించుకుంటాడులే అనుకున్నాం. సొంత బావమరిది పళ్ళు కట్టేవాడైతే ఇంక ఆలోచించేదేముంది? కానీ బావ నోరు తెరవనన్నాడు. జావ తాగుతాడు, మజ్జిగ తాగుతాడు, అన్నం మెత్తగా పిసికి పెడితే రెండు ముద్దలు మింగి పక్కకు నెడతాడు. నెత్తళ్ళ వేపుడు కరకరలాడుతూ లేకపోతే కంచం ముందు కూర్చోని మనిషి, ఇంట్లో చేపల వాసన వస్తే బయటికి పోయి కూర్చోవడం మొదలుపెట్టాడు. చొక్కా కొక్కేనికి వేలాడినట్టు ఒంటి మీద వేలాడింది. ఇలాగే జావ మీద నడిపిస్తే ఇంకో ఏడు కూడా లాగడని నెల్లూరు డాక్టరు అక్కతో మొహం మీదే చెప్పాడు.

అక్క నాకు ఫోను చేసింది. "ఊరందరి నోళ్ళలో నీ చెయ్యి పెట్టినావు, మీ బావ నోరొకటే దొరకలా నీకు?" అంది. తిట్టినట్టే మొదలుపెట్టింది కానీ చివరికి బతిమాలింది. "ఎట్టన్నా చేసి తినిపించురా. నా వల్ల కాలేదు" అంది. మా అక్క ఏ పనిలోనూ తన వల్ల కాలేదని చెప్పగా నేను వినలేదు. మర్నాడే కొలత సామాన్ల పెట్టె బండికి కట్టుకుని పల్లెకు పోయాను.

బావ పంచలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. నా పెట్టె చూడగానే పెదాలు బిగించాడు. నేను మంచిగా మొదలుపెట్టాను. కొలత తీయడం నొప్పి కాదు, మెత్తటి ముద్ద పెట్టి తీసేయడమే అన్నాను. ఆయన విన్నాడు. విని, చాలా తాపీగా, "షుగరు డాక్టరేమో నోరు కట్టుకోమన్నాడు. నువ్వొచ్చి పళ్ళు కట్టుకోమంటావు. ముందు మీరిద్దురూ ఒక మాట మీదకు రాండి బామ్మర్దీ" అన్నాడు.

"ఎగతాళి కాదు బావా. నువ్వు చిక్కి శల్యమైపోతన్నావు. అక్క ఏడస్తంది."

"మీయక్క ఉల్లిగడ్డలు కోసినా ఏడస్తది."

నాకు తిక్క రేగింది. నాకది తొందరగానే రేగుతుంది. ఆ ముద్ద కలిపే గిన్నెను పెట్టెలోకి విసిరాను. విసిరినప్పుడు పెట్టె మూలన దూది మధ్య దాచుకున్న సగం చేసిన ట్రాలీ ఒకటి కింద దొర్లింది. ఇంకా రంగు వేయలేదు, చిగుళ్ళ రంగులోనే ఉంది. బావ వంగి దాన్ని తీశాడు. అటూ ఇటూ తిప్పాడు. చక్రాన్ని గోటితో తిప్పి చూశాడు.

"ఏందిది?"

"మీ గని ట్రాలీ."

"ఇదా?" అని, మళ్ళీ చూసి, "ఇది సబ్బుపెట్టె గదా" అన్నాడు.

ఎత్తు చాలదట. గని ట్రాలీ అంచు తోసేవాడి గుండెల దాకా వచ్చేదట, నాది నడుము దాకా కూడా రాదట. నేను ఊరుకుంటానా? ఆ ట్రాలీ కొలతలు నా ఊహలోవి కావు. మూతపడిన గని వెనక సర్కారు తుమ్మ చెట్ల మధ్య తుప్పు పట్టి ఒరిగిపోయిన ట్రాలీ ఒకటి మిగిలి ఉంటే, ముళ్ళు గీరుకుంటూ పోయి టేపు పెట్టి తెచ్చుకున్నవి. చట్రంతో కలిపి దాని అంచు నా నడుముకు కాస్త కిందే ఉంది. ఆ మాటే చెప్పాను.

"నువ్వు కొలిచింది వేరే ట్రాలీ" అన్నాడు బావ.

"అక్కడున్నది అదొక్కటే."

"అయితే భూమిలో కూరుకోని ఉంటది."

"చక్రాల కింద రాయి ఉండాది బావా, కూరుకోవడానికి లేదు."

"తోసింది నువ్వా నేనా?"

ఆ రోజు కొలత తీయకుండానే వెనక్కి వచ్చాను. కానీ బండి ఎక్కబోతుంటే అక్క గేటు దాకా వచ్చి, "రేపు కూడా రా" అంది. "నీతో కొట్లాడతా కొట్లాడతా గిన్నెడు జావ తాగేసినాడు. చూసుకోలా నువ్వు." నిజంగానే నేను చూసుకోలేదు. నేను ట్రాలీ గురించి మండిపడే పనిలో ఉన్నాను.

ఆ తర్వాత వీలు దొరికినప్పుడల్లా పోయాను. పళ్ళ మాట ఎత్తలేదు. ట్రాలీ మాట ఎత్తేవాణ్ణి, గొడవ దానంతట అదే వచ్చేది. తలుపు ఎటువైపు తెరుచుకునేదని ఒక రోజు, మలుపులో ఆపడానికి వేసే కొయ్య ముక్క ఎక్కడ వేలాడేదని ఇంకో రోజు. చాలావాటిలో బావ చెప్పింది పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ట్రాలీకి నాలుగు చక్రాలా ఆరు చక్రాలా అంటే "లెక్కేసుకుంటా ఎవురు తోస్తారు?" అన్నాడు. కానీ ఎత్తు దగ్గర మాత్రం అంగుళం దిగలేదు. గుండెల దాకా. ప్రతిసారీ అరచెయ్యి తీసి చొక్కా గుండీ మీద ఆనించి చూపేవాడు. "ఈడికి."

చివరికి నాకు విసుగొచ్చింది. సరే, నీ ఇష్టప్రకారమే చేస్తాను, ఎట్లా ఉంటుందో నువ్వే చూడు అనుకుని, కక్ష కొద్దీ ఆయన చెప్పిన ఎత్తులో ఒక ట్రాలీ కట్టాను. కట్టి చట్రం మీద పెడితే, పీట మీద ధాన్యం గాదె పెట్టినట్టుంది. మలుపులో పెడితే ఒరిగి పడిపోయింది. తేడా బాగా తెలియాలని దాని పక్కన నిలబెట్టడానికి ఒక మనిషి బొమ్మ కూడా చేశాను, తలపాగా చుట్టుకున్న నిండు మనిషి, రెండు చేతులూ ముందుకు చాపి తోస్తున్నట్టు. నా అసలు ట్రాలీ, ఈ గాదె ట్రాలీ, మనిషి బొమ్మ, మూడింటినీ డబ్బాలో పెట్టుకుని పోయాను. నా భార్య కూడా వచ్చింది. "వదినను చూసి చానా రోజులైంది" అంది కానీ, నేను ఓడిపోవడం చూడాలని వచ్చిందని నా నమ్మకం.

అరుగు మీద పట్టా ముక్క పరిచి రెండు ట్రాలీలూ పెట్టాను. బావ గాదె ట్రాలీని చూసి మొహం చిట్లించాడు. "ఇదేంది ఇంత ఎత్తుండాది?" అన్నాడు.

నా భార్య నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను, "నువ్వు చెప్పిన ఎత్తే" అన్నాను పంటి బిగువున. ఆయన వినలేదు. మనిషి బొమ్మను రెండు వేళ్ళతో పట్టుకుని దగ్గరగా చూస్తున్నాడు.

"ఈయనెవురు?"

"నువ్వే. ట్రాలీ తోస్తన్నావు."

"నేనెందుకవతా? ఇంత మనిషి అడ్డపంచె కట్టుకోని, మీసాలు పెట్టుకోని. నేను ఆ పనికి పొయ్యేతలికి నాకు గోచీ కూడా సరిగ్గా నిలిచేది కాదు." బొమ్మను పక్కన పెట్టి, నా అసలు ట్రాలీ పక్కన తన చిటికెన వేలి కొనను ఆనించి నిలబెట్టాడు. వేలి మొదటి కణుపు ట్రాలీ అంచు కంటే కొంచెం పైకి వచ్చింది. "ఈ కణుపంత ఉండా నేను. చూడు ఇప్పుడు. గుండెల దాకా వచ్చిందా లేదా?"

వచ్చింది. ట్రాలీ ఎత్తు నేను కొలిచినంతే. పిల్లవాడి గుండెలు అక్కడే ఉంటాయి. ఇన్నాళ్ళూ ఆయన అరచెయ్యి ఎక్కడ ఆనించినా, ఆనించింది ఆ చిన్నప్పటి ఒంటి మీద. నాకు నవ్వాలో ఏం చేయాలో తెలియలేదు. "పిల్లోణ్ణి చేసకరా" అన్నాడు బావ, కాఫీ తెమ్మన్నంత మామూలుగా.

వారం తిరక్కముందే పిల్లవాణ్ణి చేశాను. పళ్ళకు వాడే తెల్ల యాక్రిలిక్‌లో, సూది పట్టుకుని, భూతద్దం కింద పెట్టి. బక్క కాళ్ళు, పెద్ద తల, రెండు చేతులూ ట్రాలీ అంచు మీద. నా చేతి నుంచి అంత మంచి పని ఎప్పుడూ రాలేదని ఇప్పటికీ అంటాను. తీసుకుపోయి బావ చేతిలో పెట్టాను.

ఆయన చాలాసేపు చూశాడు. "బాగుండాడు" అన్నాడు. తర్వాత, "రెండు చేతులూ ఆడ పెట్టినావే. మలుపుకాడ ఒక చెయ్యి నోట్లో ఉండాల" అన్నాడు.

"నోట్లో ఎందుకు?"

"ఈలెయ్యొద్దా? ఎదురు ఎవుడన్నా వస్తే చచ్చిపోడూ?"

గంట లేని బండికి ఈలే గంట. మలుపు రాకముందే తోసేవాడు ఒక చేత్తో ట్రాలీని పట్టుకుని, రెండో చేతి వేళ్ళు రెండు నాలుక కింద పెట్టి ఈల వేసేవాడట. అవతల నుంచి వచ్చేవాడు పక్కకు తప్పుకునేవాడట. ఎవరి ఈల వాళ్ళది, ఒకరిదొకరిలా ఉండదట. ఇదంతా నేను ఎక్కడా వినలేదు. ఉత్సాహం పట్టలేక, "ఒకసారి వేసి చూపించు బావా" అన్నాను.

ఆయన లోపలికి చూశాడు. అక్కా నా భార్యా వెనక పెరట్లో చేపలు కడుగుతున్నారు. "ఇప్పుడేస్తే మీయక్క అన్నం పెడతానని వచ్చేస్తది" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు, నా మొహం చూడకుండా, ఆ పిల్లవాడి బొమ్మను అరచేతిలో దొర్లిస్తూ. గని దగ్గర వాళ్ళ ఇల్లు ఆ మలుపు కిందే ఉండేది. పెళ్ళయిన కొత్తలో మలుపులో ఈయన ఈల వినబడగానే అక్క పొయ్యి మీద కుండ దించేది. ఇల్లు చేరేసరికి కంచంలో అన్నం ఉండేది. అలా అలవాటైంది. మావైపు ఆ తరంలో మొగుడు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిస్తే నవ్వేవాళ్ళు. అందరూ ఏమే అనో ఒసే అనో పిలిచేవాళ్ళు. "నాకా పిలుపు బాగుండదు" అన్నాడు బావ. "కుక్కను పిలిచినట్టు ఉంటది. ఈలేస్తే ఆమెకు తెలస్తది, నాకు తెలస్తది. అంతే." పల్లెకు వచ్చాక కూడా గుంటల కట్ట దిగి సందు మలుపు తిరగ్గానే ఈల వేస్తాడు. నేనూ అది విన్నాను. గొర్రెలు తోలేవాడెవడో అనుకునేవాణ్ణి.

"పళ్ళు పొయ్యినాక కూడా వస్తంది" అన్నాడు. "సన్నంగా వస్తంది గానీ వస్తంది. చిగుళ్ళ మీద పెదిమలు లాగి పెడితే వస్తంది. మన వీధి చివరాయన నీ కాడే గదా సెట్టు కట్టించుకున్నాడు? ఆయన్ని అడిగినా. ఈలేస్తే ఆ పై పలక ఊడి నాలిక మీద పడతాదంట. ఒక్క ఈల రాదంట. వీధిలో నిలబడి పళ్ళు చేత్తో పట్టుకోని ఈలేస్తే నలుగురూ నవ్వరా?" బొమ్మను మంచం మీద పెట్టాడు. "నేను ఇంగ ఆమెను ఏమని పిలవాల?"

ఏడాదిగా ఆయన నోరు తెరవకపోవడానికి నేను ఎన్ని కారణాలు ఊహించానో. మొండితనమన్నాను, భయమన్నాను, బావమరిది చేత నోట్లో చెయ్యి పెట్టించుకోవడం నామోషీ అన్నాను. ఒకసారి కోపంలో, చావాలని చూస్తున్నావా అని కూడా అడిగాను. ఆయన ఒక్కసారి కూడా ఈ మాట చెప్పలేదు. ఎట్లా చెబుతాడు? పెళ్ళాన్ని పిలవడానికి ఆకలి చంపుకుంటున్నానని మగవాడు బావమరిదితో చెప్పుకుంటాడా?

"ఈల వచ్చేటట్టు కడతా" అన్నాను.

"వస్తాదా?"

"నేను కడితే వస్తది."

ధీమాగా అన్నాను కానీ నాకు తెలుసు. పళ్ళ సెట్టులో గాలి ఈల వేస్తే అది పనివాడి తప్పు. అది రాకుండా చేయడమే ఇన్నాళ్ళూ నేర్చుకున్నాను. రమ్మని కట్టడం ఎవరూ నేర్పలేదు. అయినా ఆ రోజు బావ నోరు తెరిచాడు. కొలత ముద్ద పెట్టినప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుని నా మణికట్టు పట్టుకున్నాడు. పెరట్లో నుంచి వచ్చిన అక్క గుమ్మంలోనే ఆగిపోయింది, తడి చేతులు చీరకు తుడుచుకోవడం కూడా మరిచిపోయి.

ఆ సెట్టు మీద పెట్టినంత శ్రద్ధ నేను ఏ ట్రాలీ మీదా పెట్టలేదు. పై పలకను అంగిలి నిండా పరచకుండా గుర్రపు లాడంలా కోశాను. ముందు పళ్ళను మామూలు కంటే కొంచెం లోపలికి పేర్చాను, వేళ్ళకు చోటుండాలని. పలక ఎంత పలచన చేయొచ్చో అంత చేశాను. నా కొట్లో కూర్చుని నోట్లో వేళ్ళు పెట్టుకుని ఎక్కడ ఏది తగులుతుందో చూసుకుంటుంటే, సెట్టు కోసం వచ్చిన ఒకామె మెల్లగా లేచి వెళ్ళిపోయింది. నా భార్యకు మాత్రం కారణం చెప్పాను. "అక్కకు చెప్పొద్దు" అన్నాను. "చెప్పను" అంది, ముక్కు చీదుకుంటూ.

తీసుకుపోయిన రోజు మధ్యాహ్నం అక్క లోపల పచ్చడి నూరుతోంది. పంచలో బావను కూర్చోబెట్టి తొడిగాను. ఎక్కడ ఒరుసుకుంటుందో అడిగి రాయి పెట్టి అరగదీశాను. బుగ్గలు నిండాయి. మొహం మళ్ళీ నా పాత బావ మొహమైంది. అద్దం ఇస్తే వద్దన్నాడు. లేచి చెప్పులు వేసుకుని వీధి గేటు దాకా పోయి, అటు తిరిగి నిలబడి, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు.

గాలి వచ్చింది. వట్టి గాలి. పలక జారినట్టుంది, బొటనవేలితో పైకి నొక్కుకున్నాడు. మళ్ళీ ఊదాడు. మళ్ళీ గాలే. మూడోసారి మెడ నరాలు పొంగాయి, పొయ్యి ఊదుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. లోపల రోలు చప్పుడు ఆగకుండా వినబడుతోంది. నేను మంచం మీద తల వంచుకుని కూర్చున్నాను. అంత ధీమాగా మాటిచ్చిన నా నోరు పడిపోనూ అనుకున్నాను. ఇప్పుడు తీసి నా చేతిలో పెడతాడు, ఇంక జన్మలో నోరు తెరవడు, అక్కకు ఏమని చెప్పాలి అని నా ఏడుపు నాది.

బావ వేళ్ళు పంచెకు తుడుచుకుని గేటు పట్టుకున్నాడు. తర్వాత ఇటు తిరిగాడు. అక్కను పేరు పెట్టి పిలిచాడు.

గట్టిగా కాదు. కొత్త పళ్ళకు అలవాటు లేక పేరు మధ్యలో కొంచెం ముద్దగా వచ్చింది కూడా. ఆ పేరు నేనిక్కడ రాయను. అమ్మా నాన్నా పోయాక ఆమెను ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరు. నాకు అక్క, నా భార్యకు వదిన, వీధికి పిన్నమ్మ.

రోలు చప్పుడు ఆగింది. అక్క చేతికి పచ్చడి అంటుకునే ఉండగా గుమ్మంలోకి వచ్చి నా వైపు చూసింది. "ఎవురబ్బయా పిలిచింది?" అంది. నేను గేటు వైపు చూశాను. ఆమె అటు చూసి, బావను చూసి, భయపడిపోయి చెప్పులు లేకుండానే ఎండలోకి దిగింది. "ఏమైంది? ఏమైంది నీకు?"

"ఏం కాలా" అన్నాడు బావ, దొంగతనం చేస్తూ దొరికినవాడిలా నేల చూస్తూ. "ఆకలేస్తంది."

అక్క దగ్గరికి వచ్చింది. ఆయన మొహంలోకి, ఆ కొత్త పళ్ళ వైపు, మళ్ళీ ఆయన మొహంలోకి చూసింది. కళ్ళు తుడుచుకోబోయి, చేతికి కారం ఉందని గుర్తొచ్చి, మోచేత్తో తుడుచుకుంది.

"ఇంకోసారి పిలువు, పెడతా" అంది.

పిలిచాడు.